జూలకు చిక్కని ఏనుగు

ఏటా జనవరి చివర్లో మొదలయ్యే కోల్‌కతా పుస్తకాల పండగ కొన్నేళ్లుగా మా సాల్ట్ లేక్‌లోనే, కరుణామయి బస్టాండు దగ్గరి మైదానంలో జరుగుతోంది. పిల్లల స్టాళ్లలో జంతువుల చార్టులు కుప్పలు పోసి అమ్ముతారు. వాటిలో ఏనుగులు ఎప్పుడూ రెండే రకాలు. చెవులు చిన్నవైతే మనది, పెద్దవైతే ఆఫ్రికాది. మా కింది పోర్షన్‌లో ఉండే తెలుగువాళ్ల అబ్బాయి అలాంటి చార్టు కొనుక్కున్నాడు. ఆ తర్వాత ఆలీపుర్ జూ చూసొచ్చి నన్ను నిలదీశాడు. "బాబాయ్, జిరాఫీ ఉంది, జీబ్రా ఉంది, చింపాంజీ ఉంది. అన్నీ ఆఫ్రికావే కదా! మరి ఆఫ్రికా ఏనుగు ఎందుకు లేదు?"

జిరాఫీ సంగతి తేలిక. అది జూలో బాగానే పిల్లల్ని పెడుతుంది. ఆలీపుర్‌లో పుట్టినవి వేరే ఊళ్లకూ వెళతాయి, 2024లో మన విశాఖ జూకి జిరాఫీల జత వచ్చింది అక్కడి నుంచే. ఏనుగు సంగతి అంత తేలిక కాదు. అసలు వాడి చార్టులోనే ఒక ఏనుగు తగ్గింది. ఆఫ్రికాలో ఉన్నవి రెండు జాతులు. టీవీలో ఎర్రమట్టి మైదానాల మీద దుమ్ము రేపుకుంటూ నడిచేది సవన్నా ఏనుగు. రెండోది గాబన్, కాంగో, కామెరూన్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌ల వర్షారణ్యాల్లో చెట్ల చాటున బతికే అటవీ ఏనుగు. ప్రపంచం మొత్తం మీద జూలలో ఈ రెండోది కనబడడం మహా అరుదు. కనబడినప్పుడు కూడా అది ఫలానా అని చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

పక్కపక్కన నిలబెడితే తేడా తెలుస్తుంది. సవన్నా మగ ఏనుగు భుజం దగ్గర మూడు మీటర్లు దాటుతుంది, అటవీ మగ ఏనుగు సుమారు రెండున్నర మీటర్ల దగ్గర ఆగిపోతుంది. చెవులు చిన్నవి, అంచులు గుండ్రం. దంతాలు ముందుకు వంపు తిరగవు, సన్నగా, నిటారుగా నేలవైపు దిగుతాయి. ఇరుకు పొదల్లో దూరి నడవడానికి అదే వీలని అంటారు. కాలి గోళ్లు చూసినా కొంత పోల్చుకోవచ్చు. సవన్నా ఏనుగుకి మామూలుగా ముందు కాలికి నాలుగు, వెనక కాలికి మూడు. అటవీ ఏనుగుకి మన ఏనుగులాగే ముందు అయిదు, వెనక నాలుగు. అయితే లెక్క తప్పే ఏనుగులూ ఉంటాయి కాబట్టి గోళ్లను నమ్ముకుని తీర్పు చెప్పకూడదు. అటవీ ఏనుగు దంతం గట్టిగా, గులాబీ ఛాయతో ఉంటుంది. చెక్కడం పనివాళ్లకు అదంటే మోజు. ఆ మోజు దాని ప్రాణం మీదికి తెచ్చింది.

ఈ ఏనుగుకి శాస్త్రీయంగా పేరు పెట్టింది బెర్లిన్‌లో కూర్చున్న పౌల్ మాట్షీ. 1900లో, దక్షిణ కామెరూన్‌లోని సనాగా నది ప్రాంతం నుంచి వచ్చిన ఒక ఆడ, ఒక మగ ఏనుగు పుర్రెలు చూసి వర్ణించాడు. ఆ తర్వాత ఆరేళ్లకు జూలు కథలోకి వచ్చి గందరగోళం చేశాయి. హాంబర్గ్ జంతువుల వర్తకుడు కార్ల్ హాగెన్‌బెక్ చేతుల మీదుగా ఒక బుల్లి మగ ఏనుగు న్యూయార్క్ బ్రాంక్స్ జూకి చేరింది. పేరు కాంగో. దాన్ని చూసిన జర్మన్ శాస్త్రవేత్త నోయాక్ ఇది ఎదిగినా ఇంతే ఉంటుందని నమ్మి, 1906లో 'మరుగుజ్జు ఏనుగు' అని కొత్త జాతినే ప్రకటించాడు. ఇంకేముంది, అడవిలో మరుగుజ్జు ఏనుగులున్నాయన్న కథ దాదాపు వందేళ్లు నడిచింది. కాంగో మాత్రం ఆ కథను పట్టించుకోకుండా పెరుగుతూ పోయి, 1915లో చనిపోయింది. మరుగుజ్జు అనుకున్న ఏనుగుల డీఎన్‌ఏని 2003లో ఫ్రెంచి పరిశోధకులు పరీక్షిస్తే అవి మామూలు అటవీ ఏనుగులేనని తేలింది. ఒక జంతువును దాని గుంపు నుంచి విడదీసి, దాని వయసు సరిగా తెలియకుండా చూస్తే ఎంతటి పండితుడైనా ఇలాగే బోల్తా పడతాడు.

తర్వాత కాలంలో జూలు కొన్న ఆఫ్రికా ఏనుగుల్లో ఎక్కువ భాగం తూర్పు, దక్షిణ ఆఫ్రికా మైదానాల నుంచి వచ్చినవే. దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కులో 1967 నుంచి 1994 దాకా జనాభా తగ్గించే పేరుతో పెద్ద ఏనుగుల్ని కాల్చేవాళ్లు. తల్లిని పోగొట్టుకున్న గున్నలు ఓడలెక్కేవి. దట్టమైన అడవిలో గున్నను పట్టడం, అక్కడి నుంచి రేవుకి తీసుకెళ్లి బతికించడం చాలా కష్టం. అందుకే ప్రపంచానికి ఆఫ్రికా ఏనుగంటే మైదానపు ఏనుగే అయింది. రిజిస్టర్లలో 'ఆఫ్రికా ఏనుగు' అని రాసుకుంటే సరిపోయేది. జపాన్ మొత్తం మీద అటవీ ఏనుగులు రెండే ఉండేవి. అవీ వేర్వేరు ఊళ్లలో ఏళ్ల తరబడి విడివిడిగా బతికాయి. అకియోషిదాయ్ సఫారీ పార్కులోని 'దాయ్' అనే మగదాన్ని 2022లో హిరోషిమా ఆసా జూకి తీసుకొచ్చారు. అక్కడున్న 'మేయ్'తో జత కడుతుందని ఆశ.

రెండు జాతులన్న సంగతిని గట్టిగా చెప్పినది 2001 నాటి పరిశోధన. ఆల్‌ఫ్రెడ్ రోకా, స్టీఫెన్ ఓబ్రియన్ బృందం ఆఫ్రికాలో 21 చోట్ల తిరిగే 195 ఏనుగుల నుంచి చర్మపు ముక్కలు సేకరించింది. తుపాకీతో చిన్న బాణం కొడితే అది చిటికెడు చర్మం గిల్లుకుని కింద పడుతుంది, ఏనుగు విసుక్కుని వెళ్లిపోతుంది. ఆ చర్మంలోని జన్యువులు రెండు స్పష్టమైన గుంపులుగా విడిపోయాయి. 2010లో మరో బృందం ఇంకో మెట్టు ఎక్కింది. అటవీ, సవన్నా ఏనుగులు విడిపోయినది నిన్నమొన్న కాదు, ఆసియా ఏనుగూ మంచుయుగపు మామత్ విడిపోయినంత పాతకాలంలో, అంటే లక్షల సంవత్సరాల లెక్కలో. మన ఏనుగుకి మామత్ ఎంత దూరపు చుట్టమో, ఆ రెంటికీ మధ్య దూరం ఇంచుమించు అంత. అయినా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఇరవై ఏళ్లు తటపటాయించింది. రెండు జాతులు కలిసే సరిహద్దుల్లో సంకర ఏనుగులుంటాయి. ఆ రెండూ వేరని ప్రకటిస్తే ఈ మధ్యవాటికి ఏ చట్టం వర్తిస్తుందన్నది వాళ్ల భయం. చివరికి 2021 మార్చిలో వేర్వేరుగా లెక్కగట్టింది. సవన్నా ఏనుగు అపాయంలో ఉంది, అటవీ ఏనుగు తీవ్రమైన అపాయంలో ఉంది. అటవీ ఏనుగులు 31 ఏళ్లలో 86 శాతానికి పైగా తగ్గిపోయాయి. అంతకాలం సవన్నా ఏనుగులతో కలిపి లెక్కేయడం వల్ల ఈ పతనం సగటులో మునిగిపోయింది.

అలాగని జూ వల్ల ఏమీ ఒరగలేదని అనలేను. ఏనుగు శాస్త్రంలో అతి పెద్ద ఆవిష్కరణల్లో ఒకటి జూలోనే పుట్టింది. 1984లో కేటీ పేన్ అనే అమెరికన్ పరిశోధకురాలు పోర్ట్‌లాండ్ నగరంలోని వాషింగ్టన్ పార్క్ జూలో ఏనుగుల దగ్గర కొన్ని రోజులు కూర్చుంది. అంతకుముందు ఆమె పని తిమింగలాల పాటల మీద. ఏనుగుల ఆవరణ దగ్గర ఉన్నప్పుడు ఆమెకు చెవికి ఏమీ వినబడలేదు కానీ, పక్క రోడ్డు మీద లారీ వెళ్తే కిటికీ తలుపు అదిరినట్టు గాలి అదరడం ఒంటికి తెలిసింది. చిన్నప్పుడు చర్చిలో పాడుతున్నప్పుడు ఆర్గన్ వాద్యంలోని అతి మంద్రస్వరం పలికితే ఒంట్లో ఇలాగే అదిరేదని తర్వాత గుర్తొచ్చింది. రికార్డర్లు పట్టుకుని మళ్లీ వెళ్లింది. ఏనుగులు సెకనుకు 14 నుంచి 24 కంపనాల స్థాయిలో మాట్లాడుకుంటున్నాయని తేలింది. మనిషి చెవి సుమారు 20 కంపనాల కింద పలికేది వినలేదు. అవి మన ఆసియా ఏనుగులు. కానీ అలా రికార్డర్లతో వినే పద్ధతి అసలు అక్కరకొచ్చినది ఆఫ్రికా అడవుల్లో. ఎందుకంటే అక్కడ ఏనుగును కళ్లతో చూడడం దాదాపు అసాధ్యం. అతి మంద్రమైన ధ్వని చెట్లకు తగిలి చెదిరిపోకుండా దూరం పోతుంది. విమానంలోంచి లెక్కపెడదామంటే కిందంతా ఆకుల కప్పు.

పేన్ 1999లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏనుగుల ధ్వనులు వినే ప్రాజెక్టు మొదలుపెట్టింది. తర్వాత పీటర్ రెగీ బృందం 2017లో కాంగోలోని న్వాబలే-న్దోకి ప్రాంతంలో 50 రికార్డర్లను చెట్లకు కట్టింది. 1,250 చదరపు కిలోమీటర్ల అడవి, రాత్రీ పగలూ ఆగని రికార్డింగు. ఏనుగులు ఎటు కదులుతున్నాయో దాంట్లో తెలుస్తుంది, తుపాకీ పేలినా తెలుస్తుంది.

కళ్లతో చూడగలిగిన చోటు ఒకటుంది, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోని జాంగా. అడవి మధ్యలో చెట్లు లేని బయలు, బురద, ఉప్పు దొరికే గుంటలు. ఏనుగులు తొండాన్ని గుంటలోకి మెడదాకా దింపి, కిందినుంచి ఖనిజాలున్న నీటిని పీల్చుకుంటాయి. ఒక్కోసారి వందకు దగ్గరగా చేరతాయి. ఆండ్రియా టర్కాలో అనే పరిశోధకురాలు 1990 నుంచి ఇరవై ఏళ్లకు పైగా అక్కడి మంచె మీద కూర్చుని చెవి చిరుగులు, దంతాల ఆకారం, తోక వెంట్రుకలు చూసి వేలాది ఏనుగుల్ని విడివిడిగా గుర్తుపట్టింది. ఎవరు ఎవరి బిడ్డ, ఎప్పుడు పుట్టింది, ఎవరు మళ్లీ రాలేదు, అన్నీ రాసుకుంది. 2013లో అంతర్యుద్ధం వల్ల ఆమె అక్కణ్నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ మే నెలలో తుపాకులతో వచ్చినవాళ్లు ఆ బయల్లో, ఆ మంచె మీదెక్కి, 26 ఏనుగుల్ని చంపారు.

ఆమె నోటు పుస్తకాల నుంచి 2017లో వచ్చిన లెక్కలు జూల గురించి ఆలోచించేవాళ్లు తప్పక చూడాలి. సవన్నా ఆడ ఏనుగు పన్నెండేళ్ల ప్రాయంలో తొలి కాన్పు అవుతుంది. అటవీ ఏనుగు 23 ఏళ్లకు గానీ తల్లి కాదు. రెండు కాన్పుల మధ్య అయిదారేళ్లు. వేట పూర్తిగా ఆగిపోయినా జనాభా రెట్టింపు కావడానికి సుమారు 60 ఏళ్లు పడుతుంది. 2002 తర్వాతి పదేళ్లలో పోయినన్ని తిరిగి రావాలంటే దాదాపు 90 ఏళ్లు. ఆ పదేళ్లలో పోయినవి తక్కువేమీ కాదు. ఫియోనా మైసెల్స్ బృందం లెక్క ప్రకారం 2002, 2011 మధ్య 62 శాతం. ఒక్క గాబన్‌లోని మింకేబే పార్కులోనే 2004 నుంచి 2014 దాకా 25,000కు పైగా ఏనుగులు మాయమయ్యాయి.

దీన్ని జూ లెక్కతో కలిపి చూడండి. 2008లో రాస్ క్లబ్ బృందం యూరప్ జూలలోని ఏనుగుల ఆయుర్దాయం తీసింది. జూలో పుట్టిన సవన్నా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయువు సుమారు 17 ఏళ్లు. కెన్యా అంబోసెలిలో సహజంగా చనిపోయినవాటిది 56. తర్వాత జూలలో పోషణ మెరుగుపడిందని జూలవాళ్లు వాదిస్తారు, అందులో నిజం లేకపోలేదు. అయినా 23 ఏళ్లకు గానీ తల్లి కాని జంతువును జూలో పెంచి, సంతానం పెంచి, అడవికి తిరిగిస్తామనడం కాగితం మీద కూడా కుదరని లెక్క. కొన్ని జింక జాతులకు పనికొచ్చిన ఆ పద్ధతి దీనికి పనికిరాదు. దాయ్, మేయ్‌ల లాంటి జంటకు గున్న పుట్టడం నాకూ సంతోషమే. దాన్ని జాతి రక్షణ అనడం మాత్రం అతిశయోక్తి.

మన దేశం విషయానికొద్దాం. ఏనుగుల్ని కానుకలుగా ఇవ్వడం మనకు పాత అలవాటు. 1949లో నెహ్రూ టోక్యో ఉయెనో జూకి 'ఇందిర'ను పంపారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1879లో బెల్జియం రాజు లియోపోల్డ్ బొంబాయి రేవు నుంచి నాలుగు మన ఏనుగుల్ని, మావటీలతో సహా తూర్పు ఆఫ్రికాకు తెప్పించుకున్నాడు. కాంగో వైపు సామాన్లు మోయించాలని ఎత్తుగడ. నాలుగింట్లో ఒక్కటీ ఎక్కువ కాలం బతకలేదు.  తర్వాత అదే కాంగోలో బెల్జియం వాళ్లు అక్కడి ఏనుగుల్నే పట్టి మాలిమి చేశారు.

ఎదురు కానుకగా వచ్చినది శంకర్. జింబాబ్వే 1998లో ఇచ్చింది, మాజీ రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ పేరు పెట్టారు. ఢిల్లీ జూలో తోడుగా వచ్చిన ఆడ ఏనుగు కొన్నేళ్లకే చనిపోయింది. ఆ తర్వాత శంకర్ బతుకంతా ఒంటరితనమే. ప్రపంచ జూల సంఘం 2024 అక్టోబరులో దాని పోషణ బాగాలేదని ఢిల్లీ జూ సభ్యత్వాన్ని నిలిపేసింది. 2025 సెప్టెంబరు 17న 29 ఏళ్ల వయసులో శంకర్ చనిపోయింది. ఎలుకల ద్వారా వ్యాపించి గుండె కండరాన్ని దెబ్బతీసే ఈఎంసీ వైరస్ కారణమని పరీక్షల్లో తేలింది. క్రూగర్ పార్కులో 1993-94లో ఇదే వైరస్ 64 ఏనుగుల్ని పొట్టనపెట్టుకుంది, ఆ ఏడు ఎలుకలు విపరీతంగా పెరిగాయి.

శంకర్ సవన్నా ఏనుగు. అటవీ ఏనుగు మాట మన వార్తల్లోకి వచ్చింది 2025 జనవరిలో. ట్యునీషియాలోని ఒక ప్రైవేటు జూ నుంచి అక్తామ్, కని, మీనా అనే మూడు ఆఫ్రికా అటవీ ఏనుగుల్ని తెస్తున్నామని గుజరాత్‌లోని వంతారా జంతు సంరక్షణ కేంద్రం ప్రకటించింది. ఇరవై ఏళ్ల కిందట బుర్కినా ఫాసో నుంచి గున్నలుగా ట్యునీషియా చేరాయట. గట్టి నేల మీద నిలబడి ఒకదాని గోళ్లు పగిలాయి, ఇంకొకదాని దంతం విరిగింది. వాటికి వైద్యం అందితే మంచిదే. నా సందేహం వేరు. బుర్కినా ఫాసో వర్షారణ్యపు దేశం కాదు, పొడినేల. పశ్చిమ ఆఫ్రికాలో ఆ పట్టు రెండు జాతులూ కలగలిసిన చోటు, సంకర ఏనుగులున్నట్టు జన్యు పరీక్షలు చెప్పిన చోటు. అక్కడి ఏనుగుకి జాతి పేరు పెట్టాలంటే చెవి చూసి కాకుండా డీఎన్‌ఏ చూసి పెట్టాలి. బ్రాంక్స్ జూలోని కాంగోను చూసి నోయాక్ ఎలా బోల్తా పడ్డాడో ఇందాకే చెప్పుకున్నాం.

ఇక ఆలీపుర్ ప్రశ్నకు వస్తే, దారులు రెండువైపులా మూసుకున్నాయి. 2009లో మన కేంద్ర జూ ప్రాధికార సంస్థ జూలు, సర్కసుల్లోని ఏనుగుల్ని అడవి దగ్గరి శిబిరాలకు తరలించమని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి 26 జూలు, 16 సర్కసుల్లో 140 ఏనుగులు ఉండేవి. అది అంతటా అమలు కాలేదు, హైదరాబాద్ నెహ్రూ జూలో ఇప్పటికీ ఏనుగులున్నాయి. ఆఫ్రికా వైపు చూస్తే, అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందంలో అటవీ ఏనుగు వ్యాపారం నిషేధించిన పట్టికలో ఉంది. జింబాబ్వే, బోట్స్‌వానాల నుంచి సవన్నా ఏనుగుల్ని సజీవంగా పంపడం మీద కూడా 2019 ఆగస్టులో ఆ ఒప్పందపు దేశాలు జెనీవాలో సమావేశమై కళ్లెం వేశాయి. అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఆ ఏనుగులు ఆఫ్రికాలోనే ఉండాలన్నది ఆ నిర్ణయం.

ఉండాల్సిన చోట ఉంటే అవి చేసే పని ఏ జూలోనూ చూడలేం. అటవీ ఏనుగుకి పండ్లంటే పిచ్చి. ఓంఫలోకార్పం అనే చెట్టు మానుకే అతుక్కుని కాసే కాయల పెంకు మరే జంతువుకీ పగలదు, ఏనుగు దంతంతో పొడిచి తొలిచి తింటుంది. మింగిన గింజలు లద్దెలో ఎరువుతో సహా బయటపడతాయి. కాంగో అడవుల్లో కొన్ని గింజలు 57 కిలోమీటర్ల దూరం దాకా ప్రయాణించినట్టు స్టీఫెన్ బ్లేక్ బృందం లెక్కగట్టింది. పైగా మెత్తని కలప ఉన్న చిన్న మొక్కల్ని తిని, తొక్కి పలచన చేస్తే గట్టి కలప వృక్షాలకు వెలుతురు దొరుకుతుంది. అవి ఎక్కువ కార్బన్ దాచుకుంటాయి. ఈ ఏనుగులు లేకపోతే మధ్య ఆఫ్రికా అడవుల కలప బరువు 7 శాతం దాకా తగ్గవచ్చని 2019 నాటి అంచనా. అయితే అడవిలోనూ అంతా సుఖం లేదు. గాబన్ లోపే పార్కులో 1986 నుంచి 2018 మధ్య పండ్ల కాపు 81 శాతం పడిపోయింది. రాత్రులు వేడెక్కడం వల్ల పూత సరిగా రాలేదని అనుమానం. 2008 తర్వాతి పదేళ్లలో ఏనుగుల ఒళ్లు 11 శాతం చిక్కింది. ఫోటోల్లో డొక్కలూ వెన్నెముకా కొలిచి చెప్పిన సంగతి ఇది.

ఇంతకీ ఎన్ని మిగిలాయి? ఐయూసీఎన్ నిపుణులు 2025 నవంబరులో సుమారు 1,35,000 అని చెప్పారు. మూడింట రెండు వంతులు ఒక్క గాబన్‌లోనే. పాత అంచనా కన్నా ఇది ఎక్కువ, కానీ ఏనుగులు పెరిగి కాదు, లెక్క మెరుగుపడి. అడవిలో లద్దె ఏరి, దాని మీది పేగు కణాల డీఎన్‌ఏతో ఒక్కో ఏనుగును గుర్తుపట్టారు. ఒకే ఏనుగు రెండు చోట్ల లద్దె వేసినా ఒక్కటిగానే లెక్కలోకి వస్తుంది. మన దేశంలోనూ ఈ పద్ధతి వాడారు.   దేశమంతటా అటవీ సిబ్బంది సేకరించిన లద్దెలో 21,056 నమూనాలను పరీక్షించి, 2025 అక్టోబరులో డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ 22,446 ఏనుగులని ప్రకటించింది. 2017 లెక్కలో 27,312. అప్పటి పద్ధతి వేరు కాబట్టి ఈ రెండు అంకెల్నీ పోల్చవద్దని, ఇక మీదట లెక్కకు 22,446నే మొదలుగా తీసుకోవాలని నివేదిక చెప్పింది.